తాళం వేయని గుసగుస

"దీన్ని అంటించింది మీరేనా?"

లిఫ్ట్ తలుపు సగం తెరుచుకోగానే ముందు ప్రశ్న లోపలికొచ్చింది. దాని వెనకాలే ప్రశ్న వేసిన అమ్మాయి వచ్చింది. ఒక చేతిలో నీళ్లు కారుతున్న గొడుగు, ఇంకో చేతిలో చిరిగిన పోస్టరు. దాని మీద పెద్ద పెద్ద అక్షరాలతో 'గుసగుస' అని ఉంది.

తన పోస్టరు ఒక మనిషి చేతిలో ఉండగా చూడటం లిఫ్ట్‌లో ఉన్న కుర్రాడికి అదే మొదటిసారి. మొహం చాటంత చేసుకుని, "అవునండీ, నేనే! డౌన్‌లోడ్ చేశారా?" అన్నాడు.

"మిమ్మల్నే డౌన్ చేద్దామని వచ్చాను. అంటించేముందు, బోర్డు మీద దీని కింద ఏముందో చూశారా?"

చూడలేదు. "ఏముందండీ?"

"నా నోటీసు. పెద్దవాళ్లకి ఉచితంగా చెవుల పరీక్ష. పొద్దున్నించీ కింద క్లినిక్‌లో మిషన్లు సర్దుకుని కూర్చున్నాను. ఇద్దరంటే ఇద్దరొచ్చారు. ఒకరు మా నాన్న. రెండో ఆయన అడ్రస్ అడగడానికొచ్చాడు."

అతను నవ్వు ఆపుకోబోయాడు. ఆగలేదు.

"నవ్వండి, నవ్వండి. చెవులు వినపడనివాళ్ల నోటీసు మీద గుసగుస అంటించిన ఘనులు ప్రపంచంలో మీరొక్కరే."

ఆ మాటకి మాత్రం అతని నవ్వు ఠక్కున ఆగిపోయింది.

ఆ భవనంలో అతన్ని అందరూ లిఫ్టబ్బాయి అంటారు. లిఫ్టులు తయారుచేసే కంపెనీలో, ఏ లిఫ్ట్ ఏ అంతస్తులో ఆగాలో చెప్పే ప్రోగ్రాములు రాస్తాడు. లిఫ్ట్ ఆగిపోతే అందరూ అతని తలుపే కొడతారు. బాగుచేయడం తనకి రాదని చెప్పీ చెప్పీ విసిగి, ఈమధ్య వాళ్లతో పాటు మెట్లెక్కడం మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి కింది అంతస్తులోని క్లినిక్‌లో ఆడియాలజిస్ట్. పెద్దవాళ్లకి ఆ పేరు నోరు తిరగక చెవులమ్మాయి అని పిలుస్తారు.

"తప్పు నాదేనండీ," అన్నాడు లిఫ్టబ్బాయి. "వచ్చే ఆదివారం మళ్లీ పెట్టండి. మనుషుల్ని నేను తీసుకొస్తాను."

"మీరా? మీ యాప్‌లో ఎంతమంది ఉన్నారేంటి?"

"నలుగురం."

"ఎవరెవరు?"

"నేను, మా అమ్మ, నా పాత ఫోను, మా అమ్మ పాత ఫోను."

ఈసారి నవ్వు ఆపుకోలేకపోయింది చెవులమ్మాయి. కోపంగా వచ్చిన మనిషి నవ్వితే ఓడిపోయినట్టే కాబట్టి, గొడుగు దులుపుతున్నట్టు అటు తిరిగింది.

*

మాటయితే ఇచ్చాడుగానీ, మనుషుల్ని పోగుచేయడం లిఫ్టబ్బాయికి చేతకాని విద్య. తన యాప్ గురించి ఆన్‌లైన్‌లో ఎన్నో చోట్ల రాశాడు. ఎక్కడో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి అతని కోడ్ చదివి, ఒకచోట కామా సరిచేసి పంపితే, ఆ రోజంతా నేలమీద నడవలేదు. అంతకుమించి పలకరించినవాళ్లు లేరు.

ఈసారి గత్యంతరం లేక ఒక్కో తలుపూ తట్టాడు. మూడో అంతస్తులో రిటైరైన లెక్కల టీచరమ్మ తలుపు తీసి, "లిఫ్ట్ ఆగిందా?" అంది.

"కాదండీ, చెవుల పరీక్ష!" అని అరిచాడు.

"అరవకు. నాకు బాగానే వినపడుతుంది. మాటలే సరిగా అర్థం కావు."

"అదే పరీక్ష చేస్తారండీ."

ఆదివారం క్లినిక్ బయట కుర్చీలు చాలక, పక్కింట్లోంచి తెచ్చి వేశారు. చెవులమ్మాయికి మధ్యాహ్నం దాకా తల ఎత్తడానికి తీరలేదు. అందరూ వెళ్లాక నీళ్లు తాగుతూ, కుర్చీలు తిరిగి మోస్తున్న లిఫ్టబ్బాయిని చూసి, "మాట నిలబెట్టుకున్నారు. ఇప్పుడు చెప్పండి, ఏంటి మీ గుసగుస?" అంది.

అడిగిందే తడవుగా అందుకున్నాడతను. "ఇది డీసెంట్రలైజ్డ్ అండీ. పీర్ టు పీర్, ఓపెన్ సోర్స్, ఎండ్ టు ఎండ్..."

"ఆగండి ఆగండి. అప్పుడే నిద్రలేచిన మనిషికి చెప్పినట్టు చెప్పండి."

లిఫ్టబ్బాయి కుర్చీ కింద పెట్టి కాసేపు ఆలోచించాడు.

"మామూలు చాట్‌లో మీరు నాకో మాట పంపితే, అది ముందు ఏదో కంపెనీ కంప్యూటర్‌కి వెళ్లి, అక్కడ్నించి నా దగ్గరికొస్తుంది. ఇందులో మీ ఫోన్లోంచి నేరుగా నా ఫోన్లోకే. ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. కాస్త దూరంలో ఉంటే, దారిలో ఉన్నవాళ్ల ఫోన్లు చేతులు మార్చుకుంటూ మోసుకొస్తాయి. తాళం వేసి ఉంటుంది కాబట్టి మోసేవాళ్లు చదవలేరు. ఎలా తయారుచేశానో మొత్తం బయటే పెట్టాను. ఎవరైనా చూసుకోవచ్చు, బాగుచేయొచ్చు."

మూల కుర్చీలో కొత్త చెవి మిషను సర్దుకుంటున్న చెవులమ్మాయి వాళ్ల నాన్న చటుక్కున తలెత్తాడు. ఆయనది ఎదురుగా ఉన్న తాళాల దుకాణం. ఏళ్ల తరబడి తాళంచెవులు అరగదీసే మిషను పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు.

"అయితే మధ్యవర్తి లేని సంబంధం అన్నమాట!" అన్నాడు.

లిఫ్టబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. చెవులమ్మాయి గబగబా, "మరి ఇందులో మీకొచ్చేదేంటి?" అంది.

"ఏమీ రాదండీ. సరదా."

"ఇంత కష్టం సరదాకా?"

"ఇద్దరు మాట్లాడుకుంటుంటే మూడోవాడు చెవి పెట్టకుండా ఉంటే బాగుంటుంది కదా అని..."

చెవులమ్మాయి ఫోన్ తీసి, "దీంట్లో వేయండి," అని చేతికిచ్చింది. మర్నాడు పొద్దున్నే అతనికి మొదటి ఫిర్యాదు అందింది. "అక్షరాలు చీమల్లా ఉన్నాయి. మా పెద్దవాళ్లు చదవాలా, ఏరుకోవాలా?"

*

ఫోన్లో మాట సరిగా వినపడని పెద్దవాళ్లకి రాత ఒక వరం అని గ్రహించింది చెవులమ్మాయే. అక్షరాలు పెద్దవి చేయించింది. మాట వస్తే ఫోను గట్టిగా వణికేలా చేయించింది. భవనంలోవాళ్లు ఒక్కొక్కరే చేరారు. వాళ్ల గుంపుకి 'చెవులున్న గోడలు' అని తాళాలాయన పేరు పెట్టాడు. టీచరమ్మ అందరి రాతల్లో తప్పులు దిద్దింది. లిఫ్టబ్బాయి వాళ్లమ్మ మాత్రం 'భోజనానికి రా' అన్న ఒక్క ముక్కే పంపేది, అదీ పొరపాటున అందరికీ. ఒకసారి ఇద్దరు నిజంగానే వచ్చేశారు.

చెవులమ్మాయి ఫిర్యాదులు మాత్రం ఆగలేదు. రోజూ సాయంత్రం ఒకటి. "పంపే బటన్ చాలా కిందుంది." "మీ పేరు పక్కన చుక్క ఎందుకు ఆకుపచ్చగా ఉంది?" "అక్షరం 'ళ' వణుకుతోంది." లిఫ్టబ్బాయి తిట్టుకుంటూ కూర్చుని సరిచేసేవాడు. ఫిర్యాదు రాని రోజు మాత్రం ఫోను పాడైందేమోనని తీసి చూసుకునేవాడు.

ఒక సాయంత్రం, మాట ఎంత దూరం వెళ్తుందో చూద్దామని ఇద్దరూ వీధిలోకి దిగారు. అతను గేటు దగ్గర నిలబడ్డాడు. ఆమె ఫోన్ చూసుకుంటూ నడవడం మొదలుపెట్టింది.

"వచ్చిందా?"

"వచ్చింది."

"ఇంకొంచెం దూరం వెళ్లండి."

"వెళ్లాను."

"ఇప్పుడు?"

"వచ్చింది. వాన కూడా వచ్చింది."

ఎంత దూరం వెళ్తే పరీక్ష అంత నెగ్గినట్టు. కానీ ఆమె వేసే ఒక్కో అడుగూ లిఫ్టబ్బాయికి ఎందుకో నచ్చడం లేదు. మలుపు దగ్గర ఆమె గొడుగు కనుమరుగైంది. 'వెనక్కి వచ్చేయండి' అని రాశాడు. జవాబు లేదు. మళ్లీ రాశాడు. లేదు. ఇక పరీక్షా గిరీక్షా మర్చిపోయి వానలో పరుగెత్తాడు. మలుపు తిరిగితే, ఆమె ఒక షట్టరు కింద నిలబడి, ఫోన్ని చెవి దగ్గర ఊపి చూస్తోంది.

"తెగిపోయింది. అంటే ఇక్కడిదాకానే. రాసుకోండి," అంది. అతన్ని పైనించి కిందిదాకా చూసి, "గొడుగేదీ?" అంది.

"అక్కడే ఉంది."

"అది చెప్పడానికి ఇంత దూరం పరుగెత్తుకొచ్చారా?"

లిఫ్టబ్బాయి మొహం మీది నీళ్లు తుడుచుకున్నాడు. ఆమె గొడుగు అతని వైపు కాస్త వంచింది. ఇద్దరికీ చెరో భుజం తడిసింది.

*

ఆ తర్వాత ఆమెకి వేరే ఊళ్లో నెల రోజుల శిక్షణ వచ్చింది. వెళ్లేముందు, "నేను లేనని యాప్‌ని పాడుచేయకండి," అని మాత్రం అంది. లిఫ్టబ్బాయి "సరేనండీ" అన్నాడు. రైలు కదిలాక, "సరేనండీ ఏంట్రా సన్నాసీ!" అని తనని తనే తిట్టుకున్నాడు.

ఫోన్ చేసి చెప్పొచ్చు. మూడుసార్లు చేశాడు కూడా. మూడుసార్లూ వాతావరణం గురించి మాట్లాడి పెట్టేశాడు.

ఆమె తిరిగొచ్చే ఆదివారం పొద్దున అతనికో ఉపాయం తట్టింది. గుసగుసలో ఈమధ్యే ఒక కొత్త సౌకర్యం కలిపాడు. అవతలి మనిషి దగ్గరలో లేకపోతే, మాట తాళం వేసుకుని గుంపులోవాళ్ల ఫోన్లలో దాక్కుంటుంది. ఆ మనిషి ఎవరికి దగ్గరగా వస్తే ఆ ఫోన్లోంచి ఆమె ఫోన్లోకి దూకుతుంది. ఇప్పుడే రాసేస్తే సరి. ఆమె వచ్చేదాకా అందదు. ఈలోగా ధైర్యం కూడగట్టుకోవచ్చు.

మొహం కడుక్కొచ్చి రాశాడు.

"మీరు లేని ఈ నెలలో యాప్‌లో ఒక్క తప్పు కూడా దొరకలేదు. యాప్ బాగుపడిందని సంబరపడ్డాను. కాదు వెతికే మనిషి లేదు, అంతే. రోజూ సాయంత్రం మీ తిట్ల కోసం ఫోన్ చూసుకుంటున్నాను. మీరంటే నాకు చాలా ఇష్టం."

కళ్లు మూసుకుని పంపేశాడు.

వెంటనే వంటింట్లో అమ్మ ఫోను వణికింది. ఆ వెంటనే పై ఇంట్లో ఏదో వణికింది. కింద ఎవరో పెద్దగా నవ్వారు. అతని చేతిలో ఫోను వణకడం మొదలుపెట్టి, ఇక ఆగలేదు.

"'కాదు' తర్వాత కామా ఉండాలి. భావం బాగుంది," అంది టీచరమ్మ.

"ఇది నాకేనా బాబూ? నాకైతే కాస్త ఆలస్యమైంది," అన్నారు ఐదో అంతస్తు పెద్దాయన.

"ఒరేయ్ చిన్నా, ఒకసారి ఇటు రా," అంది అమ్మ. అది ఫోన్లో కాదు, వంటింట్లోంచి.

లిఫ్టబ్బాయి చెరిపేద్దామంటే చెరిపే బటన్ లేదు. పంపిన మాట వెనక్కి లాక్కునే హక్కు ఎవరికీ ఉండకూడదని, తయారుచేసిన తనకి కూడా ఉండకూడదని, గొప్పగా తీర్మానించింది తనే. చదివినవాళ్ల పేర్లలో తాళాలాయన పేరు కూడా కనపడింది. ఆయన ఏమీ రాయలేదు.

అంతలో అంతకంటే పెద్ద భయం పట్టుకుంది. తన మాట బయటపడిందంటే, మిగతావాళ్లవి? పై ఇంటి పెద్దావిడ తన జబ్బు సంగతి చెల్లెలికి ఒక్కదానికే రాసుకుంటుంది. తనని నమ్మి ఎవరెవరు ఏమేం రాసుకున్నారో! సిగ్గంతా ఎగిరిపోయింది. అమ్మ పిలుస్తున్నా పలకకుండా ల్యాప్‌టాప్ ముందేసుకున్నాడు.

తప్పు దొరికింది. కొత్త సౌకర్యంలో తాళం వేసే చోట, పరీక్ష కోసమని తనే దాన్ని ఆపి ఉంచి మర్చిపోయాడు. వెంటనే ఇంకో సంగతి వెతికాడు. ఇలా దాచి పంపే కొత్త కూర్పు ఎవరెవరి ఫోన్లలో ఉంది? ఒక్క తన ఫోన్లోనే. ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.

కుర్చీలో వెనక్కి వాలి, గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఆ తర్వాత గుంపుకి రాశాడు.

"పెద్దలందరికీ. పొద్దున మీరు చదివింది నా ఒక్కడి మాట. తాళం వేయడం మర్చిపోయింది నేను. తప్పు నాదే. మీ మాటలన్నీ భద్రంగా ఉన్నాయి, ఇప్పుడే సరిచూశాను. అనుమానం ఉంటే తలుపు తట్టండి, చూపిస్తాను. కొత్త సౌకర్యం తీసేస్తున్నాను."

అమ్మ వెనకాల నిలబడి అంతా చదివింది. "ఆ పిల్లేనా? నువ్వు తడిసొచ్చిన రోజే అనుకున్నాను," అంది. "మరి వాళ్ల నాన్న ఏమన్నాడు?"

లిఫ్టబ్బాయి ఉలిక్కిపడ్డాడు. తాళాలాయన కూతుర్ని తీసుకురావడానికి స్టేషన్‌కి వెళ్తాడు. ఆయన జేబులో ఫోను ఉంటుంది. ఆ ఫోన్లో ఈ మాట ఉంటుంది!

"అమ్మా, రైలు ఎన్నింటికి?"

"నన్నడిగితే? ముందు తల దువ్వుకో."

అప్పటికే అతను మెట్ల మీదున్నాడు.

*

ప్లాట్‌ఫారం మీద బెంచీలో తాళాలాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఆయాసపడుతూ వచ్చి నిలబడ్డ లిఫ్టబ్బాయిని చూసి, పక్కకి జరిగాడు.

"కూర్చో."

కూర్చున్నాడు. రెండు తిట్లు తినడానికి సిద్ధపడ్డాడు.

"తాళం వేయడం మర్చిపోయావు," అన్నాడాయన పట్టాల వైపు చూస్తూ.

"అవునంకుల్. క్షమించండి."

"నేను తాళాలమ్మేవాణ్ణి. తాళం ఊడొస్తే, 'మీరే సరిగా వేసుకోలేదు' అని కొన్నవాళ్ల మీదికి తోసేసే వ్యాపారుల్ని చాలామందిని చూశాను. నువ్వు పరువు పోయి కూర్చుని కూడా, ముందు మా అందరి తలుపులూ సరిచూసొచ్చావు." ఆయన జేబులోంచి ఫోను తీశాడు. తెర నల్లగా ఉంది. "ఇది ఆపేశాను."

"ఎందుకంకుల్?"

"నా కూతురికి చెప్పాల్సిన మాట నా జేబులోంచి దూకితే ఏం బాగుంటుంది? నువ్వే చెప్పుకో. అది ఒప్పుకుంటుందో లేదో దాని ఇష్టం. నాకైతే అభ్యంతరం లేదు."

దూరంగా రైలు కూత వినపడింది. తాళాలాయన లేచి, చెవి మిషను తీసి జేబులో వేసుకున్నాడు.

"నేనలా టీ తాగొస్తాను. ఇక మీరు కేకలేసినా నాకు వినపడదు."

రైలాగింది. చెవులమ్మాయి పెట్టె లాక్కుంటూ దిగి, అతన్ని చూసి ఆగిపోయింది. "మీరేంటి ఇక్కడ? నాన్నేరి?"

"టీ తాగుతున్నారు. మీతో ఒక మాట..."

ఆమె బ్యాగులో ఫోను గట్టిగా వణికింది.

లిఫ్టబ్బాయి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. అందరి ఫోన్ల సంగతీ ఆలోచించాడుగానీ, మాట రాసిన తన ఫోను తన జేబులోనే ఉందన్న సంగతి ఆలోచించలేదు!

"చదవకండి!" అన్నాడు. "అంటే, చదవండి. కానీ ముందు నేను చెప్తాను."

ఆమె వింతగా చూసి, బ్యాగు మీద చెయ్యి ఉంచి నిలబడింది. "చెప్పండి మరి."

"మీరంటే నాకు..." అన్నాడు. సరిగ్గా అప్పుడే మైకులో ప్రకటన మొదలైంది. అతను ఆగలేదు. ఆగితే మళ్లీ చెప్పలేనని తెలుసు.

"వినపడలేదు," అంది.

"మీరంటే నాకు ఇష్టం!" ఈసారి గొంతు చించుకున్నాడు. ప్రకటన కూడా సరిగ్గా అప్పుడే అయిపోయింది. ప్లాట్‌ఫారమంతా ఇటు తిరిగింది. ఎవరో చప్పట్లు కొట్టారు.

చెవులమ్మాయి మొహం ఎర్రబడింది. నవ్వు ఆపుకోవడానికి ఈసారి ప్రయత్నించలేదు.

"మొదటిసారే తెలిసింది. మా వృత్తిలో పెదవులు చూసి మాట పట్టేయడం కూడా నేర్పుతారు."

"మరి వినపడలేదన్నారు?"

"ఇంకోసారి అనిపించుకుందామని." పెట్టె పిడి కాసేపు అటూ ఇటూ తిప్పింది. "నేనూ ఒకటి చెప్పాలి. తిట్టకూడదు. నేను పంపిన ఫిర్యాదుల్లో సగం లేనివే."

"లేనివంటే?"

"కల్పించాను. రోజూ మీకేదో ఒకటి రాయాలి కదా, ఏం రాయను?"

"ఆ 'ళ' వణకడం?"

"అస్సలు వణకలేదు."

"నేను దానికోసం మూడు ఆదివారాలు కూర్చున్నానండీ!"

"తెలుసు. పాపం అనిపించి, నాలుగో ఆదివారం తగ్గిపోయిందని రాశాను." ఆమె గొంతు తగ్గించింది. "నాకూ ఇష్టమే. మీరు వానలో గొడుగు మర్చిపోయి పరుగెత్తుకొచ్చినప్పటి నుంచీ."

టీ కొట్టు దగ్గర తాళాలాయన ఇటు చూడకుండా చూస్తున్నాడు. కూతురు చెయ్యూపింది. ఆయన ఖాళీ కప్పు పెట్టేసి, చెవి మిషను తగిలించుకుంటూ వచ్చాడు.

"ఏమైంది తల్లీ?"

"ఏం లేదు నాన్నా. ఈయన యాప్‌లో ఇక తప్పులు లేవట."

"అలాగా," అన్నాడాయన, పెట్టె అందుకుంటూ. మీసాల చాటున నవ్వు మాత్రం దాగలేదు.

ఇంటికి బస్సెక్కారు. లిఫ్టబ్బాయికి కిటికీ సీటు దొరికింది. పొద్దున్నించీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆకలి కూడా హాయిగానే అనిపించింది. బయట వాన మొదలైంది. తండ్రీకూతుళ్లు ముందు సీట్లో శిక్షణ గురించి మాట్లాడుకుంటుంటే, ఒక్కో మాటా దూరమైపోతూ వచ్చింది. కళ్లెప్పుడు మూతపడ్డాయో అతనికి తెలియదు.

"నిద్రపోయాడు నాన్నా," అంది ఆమె వెనక్కి తిరిగి.

"లేపకు. ఇవాళ వాడికి చాలా పనైంది."

బస్సు వాళ్ల వీధిలోకి తిరిగాక ఎవరో భుజం తట్టారు. లిఫ్టబ్బాయి కళ్లు తెరిచాడు. ఎదురుగా ఆమె మొహం, తడి కిటికీ, తమ భవనం గేటు, గేటు దగ్గర గొడుగులేసుకుని నిలబడ్డ చెవులున్న గోడలందరూ. ముందు వరసలో అమ్మ.

"లే," అంది ఆమె. "ఇల్లొచ్చింది."

లేవండి అనలేదు. లే అంది.